గుర్రం కాలిలో ఉక్కు

పోయిన వారం సవాకోని మైక్రోస్కోపులోకి వంగి చూస్తుండగా వదిలిపెట్టాం.

హిదాకా పచ్చిక మైదానాల్లో ముందుకాలు విరిగిన హరుషిగురె అనే ఆడగుర్రానికి పశువైద్యుడు కుత్సుకాకె ఒక స్టీలు ప్లేటు వేసి బతికించాడు. కాలు విరిగిన గుర్రం బతకడమే అరుదు. మనిషిలా దాన్ని మంచాన పడుకోబెట్టి ఉంచడానికి వీల్లేదు. మత్తు దిగగానే లేస్తుంది, లేస్తూనే తన బరువంతా ఆ కాలి మీదే మోపుతుంది. అంతకుముందు వేసిన ప్లేట్లలో కొన్ని వంగిపోయాయి, కొన్ని పుటుక్కున విరిగాయి. ఈ ఒక్కటే నిలబడింది. ఎముక అతికిన తరువాత దాన్ని బయటికి తీసి, తయారైన చోటికే, అంటే మురోరాన్‌లోని లోహ పరిశోధనాలయానికి పంపారు.

అక్కడ మినెగిషి సవాకో ఎనిమిది నెలలుగా అదే ఉక్కుతో, అదే కొలిమిలో, అదే కొలతలతో ప్లేట్లు చేస్తూ ఉంది. చేసిన ప్రతిదీ యంత్రంలో పెట్టగానే వంగిపోతూ ఉంది. గుర్రం కాలి నుంచి వచ్చిన ప్లేటు చివర చిన్న ముక్క కోసి, అద్దంలా సానపట్టి, ఆమ్లంలో ముంచి చూసినప్పుడు ఆమెకు సంగతి తెలిసింది. ఉక్కు లోపల రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. ఇందులో పెద్దవి కొన్ని, వాటి మధ్య ఇరుక్కుని గుంపులు గుంపులుగా చిన్నవి. అలా ఉండాలంటే ఆ ప్లేటు ఒకసారి కాదు, రెండుసార్లు కొలిమిలో వేడెక్కి ఉండాలి. అది తయారైన రోజు కొలిమి దగ్గర ఉన్నది ఒకే ఒక్కరు. ఆమెకు మైక్రోస్కోపులోకి చూడడం నేర్పిన గురువు దోమెకి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆయన గది తలుపు తట్టింది.

దోమెకి కిటికీ దగ్గర నిలబడి మధ్యాహ్నం తినవలసిన అన్నం ఉండని అప్పుడే తినేస్తున్నాడు. వచ్చే వసంతంలో ఆయన ఉద్యోగ విరమణ. భార్య పోయినప్పటి నుంచి ఆయన భోజనానికి వేళాపాళా లేదు.

"రా సవాకో. ఉప్పు చేప పెట్టిన ఉండ ఇంకొకటుంది, తింటావా?"

సవాకో చేతిలోని మైక్రోస్కోపు ఫొటోని ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు, దగ్గరికి వంగనూ లేదు. దూరం నుంచే ఒకసారి చూసి, తింటున్న ఉండని కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. అంతే, ఆమెకు అర్థమైపోయింది.

"ఇది మీరు ముందే చూశారు," అంది.

ఆయన వేళ్ళకంటిన మెతుకులు తుడుచుకున్నాడు.

"చూశాను."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలోనే. ఆ కట్టలో ఒక ప్లేటు గుర్రానికి వెళ్ళింది. ఒకటి నేను కోసి చూశాను."

సవాకో కుర్చీ లాక్కుని కూర్చుంది. నిలబడి ఉంటే గొంతు పెరుగుతుందని ఆమెకు తెలుసు. కూర్చున్నా పెరిగింది.

"ఎనిమిది నెలల నుంచి నా చేతుల్లోనే ఏదో తప్పుందనుకుంటున్నాను మాస్టారూ. ఉక్కు మార్చాను, ఆమ్లం మార్చాను, ఆఖరికి చేతి తొడుగులు కూడా మార్చాను. ప్లేటు వంగిన ప్రతిసారీ మీ దగ్గరికే వచ్చాను. మీరు టీ పోసి, 'ఇంకోసారి చూడమ్మాయ్' అన్నారు!"

"నీ చేతుల్లో తప్పు లేదని నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

కింద రేవులో ఓడ కూత వేసింది. అది ఆగాక దోమెకి తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు భూమి కదిలింది. పెద్దదేం కాదు. అలమారాలో సీసాలు గలగలమన్నాయి, అంతే. కానీ కొలిమికి కరెంటు దానంతటదే ఆగిపోయింది. ఆగితే భద్రతవాళ్ళు వచ్చి చూసి సరే అనేదాకా మళ్ళీ వెలిగించకూడదు. నీకు తెలియంది కాదు."

"తెలుసు."

"అక్కడ గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. కుత్సుకాకె మనిషి కారులో ఇక్కడికి బయలుదేరిపోయాడు. భద్రతవాళ్ళు ఊరంతా తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అందుకని నేనే మళ్ళీ వెలిగించాను. మిగిలిన సేపు వేడిచేసి, చల్లార్చి, పెట్టెలో పెట్టి పంపించేశాను. పంపాక మాత్రం, అది ఎలాగూ వంగిపోతుంది, గుర్రం పోతుంది, నా తప్పు కూడా దాంతోపాటే పోతుంది అనుకున్నాను." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "అది బతికి కూర్చుంది."

"బతికితే చెప్పొచ్చు కదా!"

"ఏమని? దోమెకి నియమం తప్పాడు, భూకంపం పరిశోధన చేసింది అనా? ఎలా జరిగిందో తెలుసుకుని చెబుదామనుకున్నాను. మధ్యలో కరెంటు ఆపి, మళ్ళీ పెట్టి చూశాను. ఎన్నిసార్లు చేశానో! ప్రతిసారీ రేణువులన్నీ ఒక్కలాగే పెరిగాయి. ఆ రెండు రకాలూ మళ్ళీ కనబడలేదు."

"ఏ ప్లేట్లతో చేశారు?"

"షెడ్డు అరలో ఉన్నవాటితోనే," అన్నాడు దోమెకి.

సవాకో లేచి కొలిమి షెడ్డుకి పరుగెత్తింది. రోలర్ల మధ్య నలిపి పల్చగా సాగదీసిన ఉక్కు బద్దలు పెట్టే అర తెరిచింది. లోపల ఒకే ఒక్క బద్ద మిగిలి ఉంది. కొత్తవి రావాలంటే మిల్లువాళ్ళు నెల పైన పడుతుందన్నారు.

వెనకాలే వచ్చిన దోమెకి గుమ్మంలో ఆగాడు. తిట్లు తినడానికి సిద్ధంగా చేతులు రెండూ ముందు కట్టుకుని నిలబడ్డాడు. సవాకోకు తిట్టాలనే ఉంది. కానీ ఆ కోపం కిందే ఇంకోటి కదులుతోంది. చిన్నప్పుడు గడియారం విప్పినప్పటి ఆత్రం లాంటిది. అదే గెలిచింది.

"మాస్టారూ, ఆ రోజు మీరేం చేశారో చెప్పొద్దు," అంది. "చేసి చూపించండి."

"ఏంటీ?"

"కొలిమి చల్లగానే ఉంది. భూమి కదిలిందనుకోండి. మీరెక్కడున్నారు?"

"ఈ వయసులో నాటకమాడమంటావా?"

"ఎనిమిది నెలలు ఆడారుగా. ఇంకాసేపు ఆడండి."

దోమెకి వెళ్ళి కొలిమి ముందు నిలబడ్డాడు. "ఇక్కడున్నాను. కదిలింది. బల్ల కిందకి దూరాను." నిజంగానే మోకాళ్ళు పట్టుకుని బల్ల కిందకి వంగాడు. "ఆగింది. బయటికొచ్చాను. కొలిమి దీపం ఆరిపోయి ఉంది."

"అప్పుడు?"

"అప్పుడు ఇక్కడ నిలబడి ఆలోచించాను."

"ఊరికే నిలబడ్డారా?"

"ఊరికే నిలబడి..." అంటూ ఆయన పక్కకి జరిగాడు. కుడిచెయ్యి గోడకి వేలాడుతున్న పొడుగు పట్టకారుని అందుకుంది. ఆయన దాని వైపు చూడను కూడా లేదు.

"పట్టకారు ఎందుకు మాస్టారూ?"

దోమెకి తన చేతిలోని పట్టకారుని, అది ఎవరో తెచ్చి పెట్టినట్టు చూశాడు.

"పడిపోయాయి," అన్నాడు నెమ్మదిగా. "లోపల నిలబెట్టిన ప్లేట్లు కుదుపుకి పడిపోయి ఉంటాయనిపించింది. ఒకదానికొకటి అంటుకుంటే పాడైపోతాయని... తలుపు తీశాను. సవాకో, నేను తలుపు తీశాను! ఎర్రగా ఉన్న ప్లేట్లని పట్టకారుతో ఒక్కొక్కటే లేపి నిలబెట్టాను. నా చేతులు వణుకుతూ ఉన్నాయి. చాలాసేపు పట్టింది."

"ఫిబ్రవరిలో. ఆ సముద్రం గాలికి ఎదురుగా."

"మళ్ళీ చేసినప్పుడు ఒక్కసారి కూడా తలుపు తీయలేదు. కరెంటు ఆపి, తలుపు మూసే ఉంచాను." ఆయన పట్టకారుతో తన తొడ మీద కొట్టుకున్నాడు. "నా బుర్ర కాల్చ!"

సవాకో సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీదే గీయడం మొదలుపెట్టింది. నలిగిన ఉక్కుని వేడిచేస్తే లోపల కొత్త రేణువులు మొలుస్తాయి. మొదటి వేడికి కొన్ని మొలిచాయి. తలుపు తెరవగానే చలిగాలి కొట్టి ఆ మొలకలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రెండోసారి వేడి తగిలేసరికి ఆ పాతవి పెరిగి పెద్దవయ్యాయి, వాటి సందుల్లో కొత్తవి మొలిచి చిన్నవిగా మిగిలాయి. ఒకే మడిలో రెండు వానలకి రెండుసార్లు విత్తనం జల్లినట్టు.

"చిన్నవాటి మధ్య గట్లు ఎక్కువ," అంది. "బరువు పడ్డప్పుడు లోహం జారబోతే ప్రతి గట్టు దగ్గరా ఆగుతుంది. అందుకే వంగదు. మరీ పట్టుకోలేని చోట పెద్దవి కాస్త సర్దుకుంటాయి. అందుకే విరగదు."

"చెప్పడానికి బాగానే ఉంది."

"చేసి చూద్దాం."

"ఉన్నది ఒక్కటే బద్ద."

సవాకో దాన్ని చేతిలోకి తీసుకుంది. మరలకి బెజ్జాలు వేసి సిద్ధంగా ఉంది. పరీక్ష కోసం కోసుకోవడానికి ఒక చివర చిన్న తోక వదిలారు. ఇది పాడైతే నెల ఆగాలి. ఆగితే కొంపలేం మునగవు, అనుకుంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. కుత్సుకాకె.

"మినెగిషి గారూ, మంచీచెడ్డా తర్వాత. ఏడాదిన్నర పిల్ల. పొద్దున పరుగెడుతూ కంచెకి కొట్టుకుంది. హరుషిగురెకి విరిగిన చోటే విరిగింది. కట్టు కట్టి నిలబెట్టాను. కన్ను మాత్రం చురుగ్గా ఉంది, నా టోపీ కొరికింది వెధవ! ఆ ప్లేటు లాంటిది ఇంకొకటుందా?"

సవాకో దోమెకి వైపు చూసింది.

"మధ్యాహ్నానికి చెప్తాను డాక్టరు గారూ."

"సాయంత్రానికి కత్తి పెట్టాలి. వాపు పెరిగితే ఇక చేసేదేం లేదు. లేదంటే లేదనే చెప్పండి. రైతుకి ఆశ పెట్టి చంపలేను."

ఆమె ఫోన్ పెట్టేసేసరికి దోమెకి కొలిమి మీట పైకి ఎత్తుతున్నాడు. భద్రతాధికారికి ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు. ఏం చేయబోతున్నాడో, అంతకుముందు ఏం చేశాడో మొత్తం చెప్పాడు. అవతల ఆయన చాలాసేపు అరిచాడు. దోమెకి ఫోన్‌కి వంగి వంగి నమస్కారం చేస్తూ, అన్నీ విని, "అయితే వచ్చి పక్కన నిలబడండి సార్, పుణ్యముంటుంది," అన్నాడు.

అధికారి వచ్చి గొణుగుతూనే నిలబడ్డాడు. బద్ద లోపలికి వెళ్ళింది. ఎర్రబడింది. సవాకో కరెంటు ఆపింది. దోమెకి తలుపు తెరిచి, పట్టకారుతో దాన్ని పడేశాడు, లేపాడు, మళ్ళీ పడేశాడు, లేపాడు. ఆ రోజు వణికినంతసేపూ ఆలస్యం చేశాడు. అక్టోబరు గాలికి ఫిబ్రవరి పదును రాదని సవాకో పెద్ద ఫ్యాను ఒకటి తెచ్చి ఎదురుగా పెట్టింది. అధికారి టోపీ ఎగిరిపోయింది. తలుపు మూశారు. మళ్ళీ వేడి.

తోక కోసి, సానపట్టి, ఆమ్లంలో ముంచి, కడిగి ఆరబెట్టేసరికి రెండు దాటింది. ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి సవాకో పక్కకి జరిగింది.

"ముందు మీరు చూడండి."

"నాకు అర్హత లేదు."

"అర్హత సంగతి తర్వాత. నా కళ్ళు మండుతున్నాయి."

దోమెకి వంగాడు. ఫోకస్ మరని అటూ ఇటూ తిప్పాడు. ఎంతకీ లేవలేదు. చివరికి సవాకో ఆయన భుజం మీద చెయ్యి వేసేసరికి ఏడుపుకి ఆ భుజం కదులుతూ ఉంది.

పెద్దవి. వాటి మధ్య చిన్నవి. గుర్రం కాలిలో ఉన్నట్టే, కవల పిల్లల్లా.

అధికారి కూడా చూస్తానని మూడోవాడిగా వంగి, "నాకేమీ కనబడట్లేదు, రాళ్ళు పరిచిన దారిలా ఉంది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

కానీ సవాకో అక్కడితో ఆగే మనిషి కాదు. కొత్త ప్లేటునీ, గుర్రం నుంచి వచ్చిన పాత ప్లేటునీ పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా వజ్రపు మొనతో ఒకే బరువు మోపి చిన్న గుంట చేసింది. లోహం ఎంత గట్టిదైతే గుంట అంత చిన్నదవుతుంది. భూతద్దంలో రెండు గుంటలూ చూసింది. ఇంకోచోట పొడిచింది. మళ్ళీ చూసింది. పాత ప్లేటు చివర పొడిచింది, మధ్యలోనూ పొడిచింది. ఆమె నవ్వు మాయమైంది.

"ఏమైంది?" అన్నాడు దోమెకి.

"పాతదాని చివర గుంట, కొత్తదాని గుంట సమానంగా ఉన్నాయి."

"మంచిదేగా!"

"మధ్యలో గుంట చిన్నది. చాలా చిన్నది. పాత ప్లేటు మధ్యలో ఇంకా గట్టిగా ఉంది మాస్టారూ. విరిగిన ఎముక మీద కూర్చునేది ఆ మధ్యభాగమే. నేను నిన్న కోసి చూసింది చివర ముక్క."

"గుర్రం నడిచీ నడిచీ గట్టిపడిందేమో."

"నడకకి ఇంతగానా? కాదు. ఇంకేదో జరిగింది. మీరు ఇంకా ఏదైనా దాచారా?"

"ఒట్టు! ఇక నా దగ్గర దాచడానికేం లేదు."

ఫోన్ మళ్ళీ మోగింది. సవాకో స్పీకరు పెట్టింది. అవతల గుర్రం ముక్కుతో బుసకొడుతున్న శబ్దం, ఎవరో దాన్ని బుజ్జగిస్తున్న మాటలు వినబడ్డాయి.

"మినెగిషి గారూ, హరుషిగురెకి వేసినదాని లాంటిదే ఉందని ఒక్కమాట చెప్పండి. కారు పంపిస్తాను."

సవాకో నోరు తెరిచేలోపు దోమెకి ఫోన్ తీసుకున్నాడు.

"డాక్టరు గారూ, నేను దోమెకిని. ఫిబ్రవరిలో మీకు పంపిన ప్లేటు గురించి ఒక అబద్ధం చెప్పాను. అది పద్ధతి ప్రకారం చేసింది కాదు." ఆయన భూకంపం సంగతి, తలుపు సంగతి ఏదీ దాచకుండా చెప్పేశాడు. "ఇవాళ అలాంటిదే ఒకటి చేశాం. రేణువులు అచ్చు అలాగే వచ్చాయి. కానీ మీ గుర్రం కాలిలోది మధ్యలో ఇంతకన్నా గట్టిగా ఉంది. ఎందుకో మాకు తెలియదు. తెలియకుండా దాన్ని అలాంటిదే అని చెప్పలేను."

"దోమెకి గారూ," అంది ఆ గొంతు, అప్పటిదాకా లేని మెత్తదనంతో. "మీరు పంపినదాన్ని నేను ఉన్నదున్నట్టు వెయ్యలేదు."

సవాకో ఫోన్ మీదకి వంగింది. "అంటే?"

"దాని ఎముక వంపుకి ఒదగలేదండీ. మధ్యలో వేలు పట్టేంత సందు. వంచొద్దని మీరు పెట్టె మీద రాశారు. మళ్ళీ తెప్పించే వ్యవధి లేదు. నేనే వంచాను. చెబితే ప్లేట్లు ఇవ్వడం మానేస్తారని చెప్పలేదు."

"ఇద్దరూ ఇద్దరే!" అంది సవాకో. కోపమో నవ్వో ఆమెకే తెలియలేదు. "ఎక్కడ వంచారు? ఎలా?"

"పెరట్లో. కంచె గుంజకి బిగించిన వైసు ఒకటుంది, దాని ఇనుప దవడల్లో పెట్టి సుత్తితో. లోపల కొడితే గుర్రం బెదురుతుందని బయటికి తీసుకెళ్ళాను. వంచాను, ఎక్కువైంది, వెనక్కి వంచాను. మళ్ళీ కొట్టాను."

"ఆ పొద్దున చలి ఎంత ఉంది డాక్టరు గారూ? బాగా గుర్తు చేసుకోండి."

"చలా? తొట్టెలో నీళ్ళు గొడ్డలితో కొట్టినా పగల్లేదు. సుత్తి పిడి అరచేతికి అంటుకుపోయింది. అదెందుకిప్పుడు?"

సవాకో, దోమెకి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ జాతి ఉక్కుని గడ్డకట్టే చలిలో వంచితే, వంగిన చోట లోపలి అమరికే మారిపోతుందని ఇద్దరికీ తెలుసు. అలా మారిన ఉక్కు గట్టిపడుతుంది. కొంచెం మారితే కాలిని మోస్తుంది. ఎక్కువ మారితే గాజులా పగులుతుంది.

"మాస్టారూ," అంది సవాకో, "మన ప్లేటు ఇంకా పూర్తి కాలేదు."

"చలి ఎలాగోలా తెస్తాం," అన్నాడు దోమెకి. అప్పటికే ఆయన కోటు తొడుక్కుంటున్నాడు. "రేవులో చేపల గిడ్డంగిలో అడుగుదాం. కానీ ఎంత వంచాలి? ఎన్ని దెబ్బలు?"

సవాకో అదే ప్రశ్న ఫోన్‌లోకి అడిగింది. అవతల గుర్రప్పిల్ల గిట్టతో నేలని తన్నింది. కుత్సుకాకె గొంతు సవరించుకున్నాడు.

"ఎన్ని దెబ్బలు కొట్టానో గుర్తు లేదు మినెగిషి గారూ. అది విరిగే లోపు ఆగానని మాత్రమే తెలుసు."